కూర్చున్న సిపాయి

సిపాయిని కాళ్ల కింది బిళ్ల దగ్గర పట్టుకుని, వీపు దీపం వైపు తిప్పి, ఆవిడ బొటనవేలి గోరుతో మెడ వెనక నుంచి మడమ దాకా ఒక్క గీత గీసినట్టు తడిమింది. గోరు ఎక్కడా తట్టుకోలేదు. ముందుకు తిప్పింది. మూడు మూలల టోపీ, ముక్కు, గడ్డం, కోటు బొత్తాలు, తుపాకీ. తుపాకీ కొసనున్న బాయొనెట్‌ను రెండు వేళ్లతో వెంట్రుకవాసి వంచి వదిలింది. అది సన్నగా కీచుమని మళ్లీ తిన్నగా నిలబడింది. పోత మంచిదైతే అలాగే కీచుమంటుంది. సీసం పాలు ఎక్కువైతే, చివాట్లు తిన్న గుమాస్తాలా వంగినచోటే వంగి ఉండిపోతుంది.

వాణ్ని ఎడమవైపు పళ్లెంలో నిలబెట్టి తరవాతివాణ్ని అందుకుంది. వీడికి చంక కింద లోహం పల్చగా రెక్కలా కారి గడ్డకట్టింది. కత్తితో గీకితే పోతుంది కనక కుడివైపు పళ్లెంలోకి. ఆ తరవాతివాడికి మొహమే కుదరలేదు. అచ్చు రెండు ముక్కలూ సరిగ్గా కూర్చోక ఒక చెంప ఇంకో చెంప కన్నా కిందికి జారింది. వాణ్ని కాళ్ల దగ్గరి డబ్బాలో పడేసింది. సాయంత్రానికి ఆ డబ్బా మళ్లీ లోహం కరిగించే మూసలోకి పోతుంది. ఇక్కడి సైన్యానికి చావంటూ లేదు. పనికిరానివాడు కరిగిపోయి, మర్నాడు ఇంకో వేషంలో కవాతుకు వచ్చేస్తాడు.

బొటనవేలంత ఎత్తున్న ఈ సిపాయిలను పిల్లల బొమ్మలనుకుంటే పొరపాటు. వీళ్లను కొనేవాళ్లంతా జుట్టు పల్చబడిన పెద్దమనుషులు. ఎప్పుడో ముగిసిపోయిన యుద్ధాలను సెలవురోజుల్లో భోజనాల బల్ల మీద మళ్లీ మొదలుపెడతారు. పాచికలు వేసి, స్కేలుతో దూరం కొలిచి, ఓడిపోయిన సేనాపతిని గెలిపించి, గెలిచినవాణ్ని ఓడించి, ఇంట్లోవాళ్లు అరిచేదాకా లేవరు. ఒక్కో సిపాయికి బొత్తాం బొత్తానికీ రంగు వేస్తారు. ఆ బొత్తాం ఒకటి ఎక్కువైందంటే కంపెనీకి పేజీల కొద్దీ ఫిర్యాదు రాస్తారు. అలాంటి ఫిర్యాదులు రాకుండా చూడటమే ఆవిడ ఉద్యోగం. కంపెనీలో ఆవిణ్ని అందరూ జల్లెడ అంటారు. మొదట్లో వెనకాల అనేవాళ్లు, తరవాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు, ఇప్పుడు ఫోను మోగితే ఆవిడే "జల్లెడని మాట్లాడుతున్నా" అంటుంది.

పని గది పాత షెడ్డు మేడ మీద ఉంది. కాలిన రబ్బరు వాసన, అచ్చులకు పూసే తెల్లపొడి వాసన కలిసి గోడలకే పట్టేశాయి. ఒకప్పుడు ఈ గదినిండా బల్లలుండేవి. పొద్దున్నే ఆడవాళ్ల కబుర్లు, మధ్యాహ్నం రేడియో, సాయంత్రం లెక్క తేలని గుర్రాల కోసం వెతుకులాట. ఇప్పుడు కంప్యూటర్లో గీసి యంత్రంలో అచ్చేసే బొమ్మలు వచ్చాయి. ఇక్కడ ముగ్గురే మిగిలారు. యంత్రం చేసిన బొమ్మనొకదాన్ని యజమాని తెచ్చి ఆవిడ ముందు పెడితే, ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తప్పేం లేదు" అని తిరిగి ఇచ్చేసింది. ఆవిడ నోట అంత నిరాశగా ఆ మాట రావడం ఎవరూ వినలేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. టీ గ్లాసు ఒక చేత్తో, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన అట్టపెట్టె ఇంకో చేత్తో పట్టుకుని సీసం వచ్చాడు. పోత పోసేది అతనే. ఆ పేరు కూడా అందుకే వచ్చింది. ఆవిడా మొగుడూ ఉండే ఇంటి కింది వాటాలోనే ఉంటాడు.

"వదినా, మూలబొమ్మ ఒకటి వచ్చింది. చూసి పెడతావా?"

"ఎవరిది?"

"భలేదానివే. పేరు చెప్పకూడదన్న రూలు ఉందిగా."

పెట్టె పెట్టేసి, టీ ఇవ్వడం మరిచిపోయి, గ్లాసుతోనే మెట్లు దిగిపోయాడు. అతని వాలకం ఏదోలా అనిపించింది ఆవిడకు.

మూలబొమ్మ అంటే అచ్చు తీయడానికి ముందు చేత్తో మలిచే మొదటి బొమ్మ. పసుపు, నీలం ముద్దలు రెండూ కలిపి పిసికితే పచ్చగా మారి, కొన్ని గంటల్లో గట్టిపడే ముద్దతో చేస్తారు. అందులో తప్పుంటే ఆ తరవాత పోసే వేల సిపాయిల్లోనూ ఆ తప్పు ఉంటుంది. అందుకే దానికి ఆవిడ ఆమోదం కావాలి. నచ్చితే, మెడలో తాడుకు వేలాడే చిన్న ఆకురాయితో బిళ్ల అడుగున ఒక గాటు పెడుతుంది. నచ్చకపోతే అదే రోజు చేసినవాళ్ల చేతికి తిప్పి పంపేస్తుంది. చేసింది ఎవరో ఆవిడకు చెప్పకూడదన్నది వెనకటి యజమాని పెట్టిన నియమం. దానికి కారణం ఆవిడ మొగుడే.

పెట్టె తెరిచి దూది తీసింది. లోపల ఒక సిపాయి కూర్చుని ఉన్నాడు.

రాయి మీద కూర్చుని, తుపాకీ పక్కన పడేసి, ఒక బూటు విప్పి చేత్తో పట్టుకుని, అందులో ఏముందా అని తొంగి చూస్తున్నాడు. ఇంకో బూటు కాలికే ఉంది. భుజాలు కిందికి జారి ఉన్నాయి. రోజంతా నడిచినవాడు మొదటిసారి కూర్చున్నప్పుడు జారినట్టే ఉన్నాయి. ఆ భుజాలు చూడగానే భూతద్దం అక్కర్లేకుండానే తెలిసిపోయింది. అలా కూర్చోబెట్టగలిగిన మనిషి ఒక్కడే. కానీ ఆయన పనిముట్లు ముట్టుకుని ఏళ్లయింది.

ఆయన్ని కంపెనీలో ముద్దాయి అనేవాళ్లు. ముద్దతో పనిచేస్తాడని కొంత, నేరం చేసినవాడిలా రోజూ ఆవిడ బల్ల ముందు నిలబడతాడని కొంత.

ఆవిడ ఈ కంపెనీలో చేరింది ప్యాకింగుకు. చేరిన కొత్తల్లో, పెట్టెలో సర్దుతున్న సిపాయిని కళ్ల దగ్గర పెట్టుకుని, "వీడేంటి, ఆడకోటు వేసుకున్నాడు?" అంది. గదంతా ఘొల్లుమంది. ఎవరూ గమనించలేదు గానీ నిజమే. మగవాళ్ల కోటుకి ఎడమ అంచు పైకి వస్తుంది, ఆడవాళ్ల కోటుకి కుడి అంచు. ఆ సిపాయికి కుడి అంచు పైన ఉంది. పోసిన పోతంతా మళ్లీ మూసలోకి పోయింది. మధ్యాహ్నం లోపలి గదిలోంచి, చెవులు ఎర్రబడ్డ ఒక పొడుగాటి మనిషి వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు.

"తప్పు నాదేనండి. బట్ట మడతలు ఎలా పడతాయో తెలియడానికి గోడకి తగిలించిన కోటు చూసి చేశాను."

"ఎవరి కోటండీ?"

ఆయన నేల చూశాడు. "మీదే."

ఆవిణ్ని మర్నాటి నుంచి తనిఖీ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. చలికాలం వెళ్లకముందే పెళ్లయింది. పెళ్లిలో సీసం, అప్పుడింకా నూనూగు మీసాల కుర్రాడు, "ఒక్క కోటుకి రెండు పనులు అయ్యాయి" అని అందరికీ చెప్పుకుంటూ తిరిగాడు.

పెళ్లయ్యాక ఆవిడ ఆయన పని మీద ఇంకా కచ్చితంగా ఉండేది. లేకపోతే మొగుడి బొమ్మలని చూసీచూడనట్టు పోనిచ్చిందంటారు. తిప్పి పంపింది, మళ్లీ తిప్పి పంపింది. "ఇన్నేళ్లలో కూరలో ఉప్పెక్కువైందని నేనొక్కసారైనా తిప్పి పంపానా?" అని ఆయన సీసం దగ్గర మొరపెట్టుకునేవాడు. చివరికి ఆయనే ఒక ఉపాయం కనిపెట్టాడు. ప్రతి మూలబొమ్మలోనూ కావాలని ఒక చిన్న తప్పు పెట్టేవాడు. ఒకదానికి బొత్తాం ఎక్కువ, ఒకదానికి కత్తి ఒర కుడివైపు, ఒకదానికి గుర్రం కళ్లెం తిరగేసి. "నీకొక తప్పు దొరికితే గానీ ముద్ద దిగదు. అదేదో నేనే పెట్టేస్తే, మిగతా ఒంటి జోలికి రావు కదా" అనేవాడు. దానికి దిష్టిచుక్క అని పేరు పెట్టుకున్నారు. ఆవిడ చుక్క వెతికి పట్టుకోవాలి, ఆయన సరిచేయాలి, అప్పుడు గాటు పడాలి. ఒకసారి పెట్టిన చుక్క మళ్లీ పెట్టకూడదు. ఆడకోటు మాత్రం ఎన్నడూ పెట్టలేదు. అది నిజంగా జరిగిన తప్పు. దాన్ని ఆటలోకి లాగకూడదని ఇద్దరికీ చెప్పుకోకుండానే తెలుసు.

పిల్లలు లేరు. అయితేనేం, ఇంటినిండా పటాలాలుండేవి. కిటికీ అంచున గుర్రాలు, పోపులపెట్టె పక్కన ఫిరంగులు. రాత్రి దీపం ఆర్పబోయే ముందు ఆయన పక్క మీంచే, "దొరికిందా?" అని అడిగేవాడు. "టోపీ పిన్ను" అనేది ఆవిడ అటు తిరిగి పడుకుని. "అబ్బ, రాక్షసివే" అని నవ్వేవాడు. ఆ నవ్వు వింటూ నిద్రపోవడం ఆవిడకు ఎంత అలవాటైపోయిందంటే, ఆయన చేతులు వణకడం మొదలై పని మానేసిన ఏడాది, రాత్రుళ్లు నిద్ర పట్టక డాక్టరు దగ్గరికి వెళ్లింది.

చేతి వణుకు ఒక్కటే అయితే సర్దుకునేది. ఈ మధ్య ఆయనకు మరుపు వస్తోంది. పాలు తీసుకెళ్లి పూలకుండీలో పోశాడు. కొట్టుకని బయల్దేరి వీధి చివరి నుంచి వెనక్కి వచ్చి, "నేనెక్కడికి వెళ్తున్నానే?" అని అడిగాడు. మొన్న సీసాన్ని చూసి, "ఎవరింటికి వచ్చారండీ?" అన్నాడు. సీసం నవ్వేసి, కిందికి వెళ్లి ఏడ్చాడు.

ఆయన గోటి సందుల్లో పచ్చరంగు కనపడి, ఇదేంటని అడిగితే కుండీలో కలుపు తీశానన్నాడు. ఇదన్నమాట ఆ కలుపు.

ఆవిడ దీపం మెడ వంచి, భూతద్దం కిందికి సిపాయిని తెచ్చింది. అలవాటుగా ముందు కోటు చూసింది. ఎడమ అంచే పైన ఉంది. ఆ తరవాత చూసిందంతా చూడకుండా ఉంటే బాగుండుననిపించింది. భుజంపట్టీ గీతలు తిన్నగా లేవు. వీపుసంచి అంచు వంకర్లు పోయింది. ఒక కన్ను రెండో కన్ను కన్నా పెద్దది. పనిముట్టు జారి తొడ మీద గాడి పడితే, దాన్ని ముడతలా దిద్దాలని చూసి వదిలేసిన ఆనవాలు ఉంది. ఇంకెవరిదైనా అయితే ఈపాటికి పెట్టె మూసేసేది.

అయినా వెతుకుతూనే ఉంది. వణికిన గీతలు ఆవిడకు అక్కర్లేదు. వణుకు చేతిది. చుక్క బుర్రది. చుక్క ఉంటే ఆయన ఇంకా ఉన్నట్టే. లేకపోతే, తనతో పక్కపక్కన ముసలివాడైన మనిషి తనకు చెప్పకుండా ఎటో వెళ్లిపోతున్నట్టే. టోపీ చూసింది, పిన్ను సరిగ్గానే ఉంది. బొత్తాలు సరిపోయాయి. ఒర ఉండాల్సినవైపే ఉంది. తుపాకీ మీట కూడా సరే.

బూట్ల దగ్గర ఆగింది.

చేతిలో ఉన్న బూటు ఇటువైపు వంపు తిరిగి ఉంది. కాలికున్నది అటువైపు వంపు తిరిగి ఉంది. ఒకటి కుడిది, ఒకటి ఎడమది. ఆ కాలం సిపాయిల బూట్లకు కుడీ ఎడమా లేవు. రెండూ ఒకే అచ్చు మీద కుట్టేవాళ్లు. ఇవాళ కుడికాలికి తొడిగింది రేపు ఎడమకాలికి, రెండూ సమంగా అరగడానికి. ఈ సంగతి ఆవిడకు చెప్పిందే ఆయన. ఇంటికి ఎవరొచ్చినా మాట ఎటు తిరిగినా చివరికి ఈ బూట్ల దగ్గరికి తెచ్చేవాడు. "పాపం, వాడి బూటుకైనా తన కాలేదో తెలియదండీ" అని ముగించేవాడు.

చుక్కే అయ్యుండాలి. ఆయనకు తెలియని సంగతి కాదు కనక చుక్కే. లేదా ఆయనకు తెలిసిన సంగతుల్లోంచి బూట్లు కూడా వెళ్లిపోయాయి. ఆవిడ పెట్టె మూసి చేతిసంచిలో వేసుకుని, భోజనం వేళ ఎప్పుడవుతుందా అని గుర్రాల తోకలు చూస్తూ కూర్చుంది.

ఇల్లు దగ్గరే. సైకిళ్ల కొట్టు, లాండ్రీ, మందుల షాపు దాటి మలుపు తిరిగితే మెట్లు. ఆయన కిటికీ పక్కన చేతుల్లేని కుర్చీలో కూర్చుని గుడ్డు వలుస్తున్నాడు. పెంకు సగం ఒళ్లో, సగం పళ్లెంలో.

"ఏమోయ్ జల్లెడా, ఏంటి విశేషాలు?"

"ఏముంటాయి. గుర్రాల పోత. సగానికి తోకల్లేవు."

"కొత్త మూలబొమ్మలేం రాలేదా?"

గోడ వైపు చూస్తూ అడిగాడు. అబద్ధం ఆడటం ఆయనకు ఏనాడూ చేతకాలేదు.

"ఒకటొచ్చింది."

"ఓహో. ఎవరిదో?"

"ఎవడో కొత్తవాడు. చెయ్యి ఇంకా కుదురుకోలేదు."

"కొత్తవాడా!" గుడ్డు పొలమారినంత పనైంది. "అయితే ఏం చేశావ్?"

"ఏం చేస్తాను. తిప్పి పంపేశా."

ఆయన మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. కుర్చీలో వెనక్కి వాలి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "తిప్పి పంపావా! బతికించావే తల్లీ. పొద్దుటి నుంచి ఒకటే దడ. జాలిపడి గాటు పెట్టేశావంటే ఇంక నా పని అయిపోయిందనుకున్నా."

"మీ మీద జాలా? నాకా?"

"అదీ నిజమేలే." ఇంకా నవ్వుతూనే, "ఇంతకీ తప్పేంటి?" అన్నాడు.

ఆవిడ పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. సిపాయిని తీసి ఆయన ముందు కూర్చోబెట్టింది.

"బూట్లు."

"బూట్లకేమైంది?"

"కుడీ ఎడమా ఉన్నాయి."

ఆయన ముందుకు వంగి చూశాడు. కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చూశాడు. ఆ చూపులో దొంగతనం చేసి దొరికినవాడి నవ్వు కోసం ఆవిడ ఎంత వెతికినా కనపడలేదు.

"ఉండవూ మరి? బూట్లన్నాక కుడీ ఎడమా ఉండవా?"

కింద వీధిలో ఎవరో సైకిలు చక్రానికి గాలి కొడుతున్నారు. ఆవిడ చెయ్యి చాపి ఆయన ఒళ్లోని పెంకులు ఏరడం మొదలుపెట్టింది.

"చాల్లెండి నటన. చుక్క పెట్టి మళ్లీ ఏమీ ఎరగనట్టు. ఆ కాలం బూట్లకి కుడి ఎడమల్లేవని ఊరందరికీ చాటింపు వేసింది ఎవరు?"

"చుక్కా?"

"మరి? నాకు దొరకదనుకున్నారా?"

ఆయన ఆవిడ మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఏం వెతికాడో, ఏం దొరికిందో, నెమ్మదిగా తలాడించాడు.

"ఔను. చుక్కే. చుక్కే పెట్టాను."

ఇద్దరూ కాసేపు రొట్టె తిన్నారు. తరవాత ఆయనే అడిగాడు.

"చెయ్యెలా ఉంది? నిజం చెప్పు."

"వణికింది. పట్టీ గీతలు తిన్నగా లేవు. కన్ను ఒకటి పెద్దదైంది." "కానీ కూర్చున్న తీరు ఉందే, అలా ఇంకెవరూ చేయలేరు. భుజాలు చూడగానే నా కాళ్లు నొప్పి పుట్టాయి."

పెళ్లయినప్పటి నుంచి ఆయన పని గురించి ఆవిడ అన్న మొదటి మంచిమాట అది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి, మొదటిరోజు ఎర్రబడ్డట్టే.

"ఆటకి మాత్రం పనికిరాడు," అంది ఆవిడ కంగారుగా. "వరసలో నిలబడనివాణ్ని ఎవరు కొంటారు? ఎందుకు కూర్చోబెట్టారు?"

"ఇన్నాళ్లూ అందర్నీ నడిపిస్తూనే ఉన్నాం కదే. ఒక్కణ్ణైనా కూర్చోబెడదామనిపించింది."

ఆవిడ పళ్లేలు కడిగి, ఫ్లాస్కులో టీ పోసి ఆయనకు అందేంత దూరంలో పెట్టింది. మంచం కింద దాచిన పనిముట్ల డబ్బా ఆయనే సిగ్గుపడుతూ చూపించాడు. అది కూడా తీసి బల్ల మీద పెట్టి, దీపం వెలిగించింది. చెప్పులు వేసుకుని మెట్లు దిగుతుంటే వెనకనుంచి కేక వినిపించింది.

"జల్లెడా! ఈసారి అంత తేలిగ్గా దొరకదు చూడు!"

"చూద్దాంలెండి" అంది మెట్ల మీంచే.

ఆ మధ్యాహ్నం ఆవిడ ధ్యాస పనిలో లేదు. తోకలేని గుర్రం ఒకటి మంచివాటి పళ్లెంలోకి వెళ్లిపోతే, సీసం దాన్ని ఎత్తి చూపించి, "వదినా, జల్లెడకి చిల్లు పడింది" అన్నాడు. అతనికి అంతా చెప్పింది, బూట్ల సంగతి కూడా. ముద్ద తెచ్చి ఇచ్చింది తనేనని అతను ఒప్పుకున్నాడు. "రోజూ నన్నే అడిగేవాడు వదినా, అది గుర్తుపడుతుందంటావా, నా చెయ్యేనని గుర్తుపడుతుందంటావా అని."

"పేరు గుర్తుండకపోయినా నిన్నే అడిగాడా?"

"పేరెందుకు. ముద్ద తెచ్చేవాడా అనేవాడు."

ఆవిడ నవ్వింది. నవ్వుతూ ఒక నిర్ణయానికి వచ్చింది. రేపటి నుంచి డబ్బాలో పడే వాళ్లలో నలుగురిని ఇంటికి పట్టుకెళ్తుంది. సరిచేయమని ఇస్తుంది. సరిచేసినవాటిని తిప్పి పంపుతుంది. బూట్ల సంగతి ఆయన మరిచిపోతే తను చెబుతుంది, మళ్లీ మరిచిపోతే మళ్లీ చెబుతుంది. ఒకరికి తెలిసిందంటే ఇద్దరికీ తెలిసినట్టే కదా. ఎన్నో రోజుల తరవాత మనసు కాస్త తేలికపడింది. మిగిలిన గుర్రాలన్నిటినీ మళ్లీ మొదటి నుంచి చూసింది.

ఇంకా వెలుతురు ఉండగానే ఇల్లు చేరింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. బల్ల మీద దీపం, పగటి వెలుతురులో వెలవెలబోతూ, వెలుగుతూనే ఉంది. ఆయన కుర్చీలో గడ్డం ఛాతీకి ఆనించి కూర్చున్నాడు. భుజాలు కిందికి జారి ఉన్నాయి.

"దొరకదన్నారుగా, ఏదీ చూపించండి" అంటూ సంచి దించింది.

ఆయన పలకలేదు. దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. ఇన్నేళ్లుగా వణుకుతున్న ఆ వేళ్లు నిశ్చలంగా ఉన్నాయి. సన్నటి పనిముట్టు ఒకటి ఒళ్లో పడి ఉంది. ఫ్లాస్కు మూత తీయనేలేదు.

ఆయన కళ్లద్దాలు ముక్కు మీంచి జారి ఉంటే తీసి మడిచి బల్ల మీద పెట్టింది. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుని, ఆయన చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. కన్నీళ్లు వాటంతటవే కారాయి. తుడుచుకోలేదు. కిందికి వెళ్లి సీసాన్ని పిలవాలి, అది తెలుస్తూనే ఉంది. కానీ ఆ మెట్లు దిగాక ఇల్లంతా జనం అవుతారు. ఆయనతో మాట్లాడుకోవలసింది ఇంకొకటి మిగిలే ఉంది.

సిపాయిని అందుకుని దీపం కిందికి తెచ్చింది.

బూట్లు మారాయి. రెండూ ఇప్పుడు ఒక్కలాగే ఉన్నాయి, ఏ కాలికైనా తొడుక్కోవచ్చు. గీతలు పొద్దుటి కన్నా ఇంకా వంకరగా పోయాయి. టోపీ చూసింది. ఒర చూసింది. తుపాకీ, సంచి, పట్టీ. ఏదీ మారలేదు. కళ్లు మసకబారితే చీరకొంగుతో తుడుచుకుని, గోరుతో తడమడం మొదలుపెట్టింది. మెడ, భుజం, ఛాతీ. ఛాతీ దగ్గర గోరు కాస్త దిగింది. అక్కడ ముద్ద ఇంకా పచ్చిగా ఉంది.

భూతద్దం పెట్టి చూసింది. పొద్దున తన కళ్లతో చూసిన కోటు కాదది. ముందుభాగమంతా గీకేసి, కొత్త ముద్దతో మళ్లీ కట్టాడు. వణికే చేత్తో బొత్తాలన్నీ అటు నుంచి ఇటు మార్చాడు. కుడి అంచు పైన ఉంది.

సిపాయి ఆడకోటు వేసుకుని కూర్చున్నాడు.

ఆవిడకు నవ్వు, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి. పాలు మరిచిపోయాడు, వీధి మరిచిపోయాడు, సీసం పేరు మరిచిపోయాడు. గోడకు తగిలించిన కోటును మాత్రం మరిచిపోలేదు. బూట్లు చుక్కేనని మధ్యాహ్నం తను ఆడిన అబద్ధం ఆయనకు తెలిసిపోయిందేమో. తెలిసే, నిజం చుక్క ఎలా ఉంటుందో చూడమని ఈ ఒక్కటీ పెట్టి ఉంటాడు.

"దొరికిందండీ," అంది ఆయన చెవి దగ్గర. "ముందు దాన్నే చూడాల్సింది. నేనే ఆలస్యం చేశా."

తప్పు దొరికితే తిప్పి పంపాలి. ఆవిడ సిపాయిని అరచేతిలో పెట్టుకుని ఆయన చేతి వంక కాసేపు చూసింది. తరవాత మెడలోని ఆకురాయి తీసి, బొమ్మను జాగ్రత్తగా తలకిందులు చేసి, బిళ్ల అడుగున చిన్న గాటు పెట్టింది. ఆ గదిలో అది చాలా పెద్ద చప్పుడులా వినిపించింది. ఇక ఆయన పని అయిపోయింది.

దీపం ఆర్పి, సిపాయిని కిటికీ అంచున పెట్టి, మెట్ల దాకా వెళ్లి, "సీసం, ఒక్కసారి పైకి రా నాన్నా" అని మామూలు గొంతుతోనే పిలిచింది. చేతిలో గరిటెతోనే సీసం పరుగెత్తుకొచ్చాడు. గుమ్మంలో ఆగి ఆయన వంక, ఆవిడ వంక చూశాడు.

కిటికీ అంచున, మిగిలిన కాస్త వెలుతురులో, ఒక బూటు కాలికి, ఒక బూటు చేతిలో, ఇంకా ఆరని ఆడకోటు తొడుక్కుని సిపాయి కూర్చుని ఉన్నాడు.